చంద్రవంక దారిలో

ఎత్తిపోతల పేరు మీరు వినే ఉంటారు. "ఎత్తిపోతల పథకం" అనే మాట కూడా వినే ఉంటారు. ఆ రెండూ ఒకటి కావు. ఎత్తిపోతల పథకం అంటే పల్లంలో ఉన్న నీళ్లని మోటార్లు పెట్టి మెరకకి ఎక్కించడం. ఇక్కడ చెప్పే ఎత్తిపోతల ఒక జలపాతం. ఇక్కడ నీళ్లు ఎక్కవు, దూకుతాయి.

ఈ జలపాతం పల్నాడులో ఉంది. మాచర్ల నుంచి నాగార్జునసాగర్ పోయే దారిలో వస్తుంది. సాగర్ డ్యాము ఇక్కడికి 11 కిలోమీటర్లు. ఇదివరకు ఇది గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లా అయింది.

చాలామంది ఇక్కడికి వస్తారు. నీళ్లు చూస్తారు, ఫొటో దిగుతారు, బస్సెక్కి వెళ్లిపోతారు. అలా వెళ్తే సగమే చూసినట్టు. ఆ చుట్టుపక్కలే పదిహేడు వందల ఏళ్ల కిందట ఒక పెద్ద పట్నం ఉండేది. ఆ పట్నంలో ఆడవాళ్లు కట్టడాలు కట్టించారు. కట్టించి ఊరుకోలేదు. తమ పేర్లు రాళ్ల మీద చెక్కించారు. ఆ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి. జలపాతంతో పాటు వాటినీ చూసి రావాలి.

ఒక్క రోజులో అన్నీ హడావిడిగా చూడొద్దు. రెండు రోజులు పెట్టుకుంటే మంచిది. మాచర్ల, ఎత్తిపోతల, అనుపు, నాగార్జునకొండ. ఇవి నాలుగూ ఒకదానికొకటి దూరం. ఒక చోటి నుంచి ఇంకో చోటికి బస్సులోనో ఆటోలోనో పోవాలి. కొండకి మాత్రం లాంచీలో పోవాలి. దిగిన చోటల్లా నడవాలి. నడిస్తేనే కనిపిస్తాయి ఇవన్నీ.

ఏటి ఒడ్డున గుడి

ఎత్తిపోతల దగ్గర దూకే ఏరు పేరు చంద్రవంక. ఈ ఏరు మాచర్ల పక్క నుంచే పోతుంది. కాబట్టి మాచర్లలోనే నడక మొదలుపెట్టొచ్చు. మాచర్లకి రైలు ఉంది. బస్సులు సరే సరి.

మాచర్లలో చంద్రవంక ఒడ్డున లక్ష్మీ చెన్నకేశవస్వామి గుడి ఉంది. పాత గుడి. ఈ గుడి పేరు చెప్పగానే పల్నాటివాళ్లు బ్రహ్మనాయుడి పేరు చెబుతారు. పల్నాటి యుద్ధం కథ మీకు తెలిసే ఉంటుంది. సవతి అన్నదమ్ములు రాజ్యం కోసం కొట్టుకున్నారు. ఒకవైపు మాచర్ల, ఒకవైపు గురజాల. మాచర్ల వైపు మంత్రి బ్రహ్మనాయుడు. గురజాల వైపు మంత్రి ఒక ఆడమనిషి, నాయకురాలు నాగమ్మ. కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున యుద్ధం జరిగింది. ఇది 12వ శతాబ్దం మాట. అంటే ఇప్పటికి ఎనిమిది వందల ఏళ్లు దాటింది.

బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడని చెబుతారు. దాన్ని చాపకూడు అంటారు. అది మంచి పని, అందరూ పొగుడుతారు. నాగమ్మని మాత్రం కథల్లో తిట్టేవాళ్లే ఎక్కువ. కోడిపందెంలో మోసం చేసిందని అంటారు, కుట్రలు పన్నిందని అంటారు. యుద్ధం అన్నాక రెండు వైపులా ఎత్తులు ఉంటాయి. మగవాడు ఎత్తు వేస్తే తెలివి అన్నారు. ఆడది వేస్తే కుట్ర అన్నారు. అంత పాత కాలంలో ఒక ఆడమనిషి మంత్రి అయింది, సైన్యం నడిపింది. గుడి మెట్ల మీద కూర్చున్నప్పుడు ఆ సంగతి కూడా అనుకోవచ్చు.

నీళ్లు ఎందుకు దూకుతాయి?

ఎత్తిపోతల దగ్గర చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది. అంటే మంచి తాటిచెట్టంత ఎత్తు. చంద్రవంకతో పాటు నక్కల వాగు, తుమ్మల వాగు నీళ్లు కూడా ఇందులో కలుస్తాయి. పడిన నీళ్లు లోయలోంచి పోయి, సుమారు మూడు కిలోమీటర్ల అవతల కృష్ణలో కలుస్తాయి.

ఈ పేరు ఎలా వచ్చింది? దీనికి రెండు మాటలు చెబుతారు. యతులు తపస్సు చేసిన తలం కాబట్టి "యతి తపో తలం" అన్నారు, అదే ఎత్తిపోతల అయింది అని ఒక మాట. బిందె ఎత్తి పోసినట్టు నీళ్లు పడతాయి కాబట్టి ఎత్తిపోతల అన్నారు అని ఇంకో మాట. అక్కడ నిలబడి ఆ ధార చూస్తే రెండో మాటే నిజమనిపిస్తుంది.

ఏరు అన్నాక పారాలి. ఇలా దూకడం ఏమిటి? ఇది తెలియాలంటే మీ ఇంటి ముందు చూరు కింద చూడండి. వానాకాలం చూరు నీళ్లు పడిన చోట మన్ను కోసుకుపోయి గుంట పడుతుంది. గట్టి రాయి ఉన్న చోట మాత్రం గుంట పడదు. ఏరు కూడా అంతే. గట్టి రాతి మీద పారేటప్పుడు దాన్ని అంత తొందరగా కోయలేదు. ఆ రాయి అయిపోయి మెత్తటి రాయి రాగానే గబగబా కోసేస్తుంది. అక్కడ నేల దిగిపోతుంది. గట్టి రాయి మెట్టులాగా పైన మిగిలిపోతుంది. ఆ మెట్టు మీద నుంచి నీళ్లు దూకుతాయి.

దూకిన నీళ్లు ఊరికే ఉండవు. కింద మడుగు తవ్వుతాయి. గట్టి రాయి అడుగున ఉన్న మెత్తటి భాగాన్ని తొలిచేస్తాయి. అడుగు బోలు అయ్యాక పై రాయి ఎప్పుడో విరిగి పడుతుంది. అందుకే జలపాతాలు వేల ఏళ్లలో కొంచెం కొంచెం వెనక్కి జరుగుతాయి. మనిషి ఒక్క జన్మలో చూడగలిగే కదలిక కాదు అది.

ఏ నెలలో వెళ్లాలి? వానలు పడ్డాక, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా నీళ్లు బాగా ఉంటాయి. ఎండాకాలం ఏరు సన్నబడుతుంది. అయితే ఇక్కడ ఒక విశేషం ఉంది. సాగర్ కుడి కాలవ నీళ్లని పైన వాగుల్లోకి వదులుతారు. అందువల్ల వానలు లేనప్పుడు కూడా జలపాతం ఎండిపోకుండా ఉంటుంది. కాలవలో నీళ్లు లేని రోజుల్లో వెళ్తే మాత్రం రాయే కనిపిస్తుంది.

మడుగులో మొసళ్లు

జలపాతానికి ఎదురుగా గట్టు మీద నిలబడి చూసే చోటు కట్టారు. ఇనప కమ్మీలు ఉన్నాయి. అక్కడి నుంచి ధార మొత్తం కనిపిస్తుంది. లోయ కనిపిస్తుంది. వాన రోజుల్లో తుంపర మొహం మీద పడుతుంది. ఆ కమ్మీలు దాటి ముందుకి పోకూడదు.

ఎందుకంటే కింద మడుగులో మొసళ్లు ఉన్నాయి. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. ఇక్కడ ప్రభుత్వం మొసళ్లని పెంచే కేంద్రం పెట్టింది. మొసలి నీళ్లలో కదలకుండా కొయ్యదుంగలా పడి ఉంటుంది. కళ్లు, ముక్కు మాత్రమే పైకి ఉంటాయి. చూసేవాళ్లకి అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. ఒడ్డుకి వంగినవాళ్లనే అది పట్టుకుంటుంది.

మనకి ఒక అలవాటు ఉంది. నీళ్లు కనిపిస్తే కాళ్లు కడుక్కుంటాం. పిల్లల మొహం తుడుస్తాం. పసుపు కుంకుమ వేసి దణ్ణం పెట్టుకుంటాం. ఎత్తిపోతల కింద మడుగు దగ్గర ఆ పని చేయొద్దు. దణ్ణం పై నుంచి పెట్టుకున్నా చాలు. అక్కడ హెచ్చరిక బోర్డులు ఉంటాయి. చదువు రానప్పుడు ఆ బోర్డులు ఉన్నా లేనట్టే. ఇప్పుడు మీకు అక్షరాలు వచ్చు. పక్కన ఉన్నవాళ్లకి కూడా పైకి చదివి వినిపించండి.

ఇంకో సంగతి. నీళ్లలో ఎప్పుడూ తడిసే రాతి మీద పాచి పడుతుంది. చూడటానికి పాచి కనిపించదు, కాలు పెడితే జారుతుంది. పైన ఎక్కడో వాన పడితే ఏటికి ఒక్కసారిగా నీళ్లు వస్తాయి. ఇక్కడ ఎండ కాస్తున్నా సరే. నీళ్ల రంగు ఎర్రబడినా, పుల్లలు, ఆకులు కొట్టుకొస్తున్నా ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే పైకి వచ్చెయ్యాలి. పిల్లల చెయ్యి వదలొద్దు.

ఇక్కడ దత్తాత్రేయస్వామి గుడి, రంగనాథస్వామి గుడి ఉన్నాయి. చుట్టుపక్కల తండాల్లోని లంబాడీలు దత్తాత్రేయుణ్ణి బాగా కొలుస్తారు. గుడికి వెళ్లేవాళ్లు దారి అడిగి, మెట్ల మీదే నడవాలి. అడ్డదారులు వద్దు.

నీళ్ల కింద ఊరు

ఎత్తిపోతల నుంచి సాగర్ డ్యాము దగ్గరికి బస్సులో రావాలి. ఇక్కడే కొంచెం కథ చెప్పుకోవాలి. లేకపోతే ముందు చూడబోయేవి అర్థం కావు.

ఇప్పుడు సాగర్ నీళ్లు నిలిచిన చోట ఒకప్పుడు లోయ ఉండేది. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు కృష్ణ. ఆ లోయలో క్రీస్తు శకం 3వ శతాబ్దంలో విజయపురి అనే పట్నం ఉండేది. ఇక్ష్వాకులు అనే రాజులకి అది రాజధాని. సుమారు వంద ఏళ్లు వాళ్లు ఏలారు. తర్వాత పట్నం పాడుబడింది. అడవి కమ్మేసింది. చెంచులు, లంబాడీలు, రైతులు అక్కడ చిన్న చిన్న ఊళ్లు కట్టుకుని బతికారు. పుల్లారెడ్డిగూడెం అలాంటి ఊరు. దిబ్బల కింద ఏముందో బయటి లోకానికి తెలియదు.

1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు అక్కడ ఒక పాత స్తంభం చూశారు. మామూలు రాయి కాదని ఆయనకి తోచింది. మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. అప్పుడు మనం మద్రాసు కింద ఉండేవాళ్లం. శాసనాలు చదివే ఉద్యోగి ఎ.ఆర్. సరస్వతి వచ్చి చూశారు. తర్వాత తవ్వకాలు మొదలయ్యాయి. స్తూపాలు, విహారాలు, బొమ్మలు, శాసనాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. స్తూపం అంటే బుద్ధుడి గుర్తుగా బోర్లించిన గిన్నెలాగా కట్టే కట్టడం. విహారం అంటే బౌద్ధ భిక్షువులు ఉండే ఇల్లు.

తర్వాత కృష్ణ మీద డ్యాము కట్టాలని అనుకున్నారు. కడితే ఈ లోయ మొత్తం మునుగుతుంది. అందుకని 1954 నుంచి 1960 దాకా లోయనంతా పెద్ద ఎత్తున తవ్వారు. 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి నెహ్రూ డ్యాముకి పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్లు వదిలారు.

డ్యాము ఎత్తు 124 మీటర్లు. గేట్లు 26. ఇది రాతితో కట్టిన డ్యాము. ఆ రాయీ, సున్నం సిమెంటూ మోసింది మనుషులే. అందులో ఆడకూలీలు చాలామంది. తల మీద తట్టలు పెట్టుకుని పరంజా మీద వరసగా ఎక్కారు. ఆ రోజుల ఫొటోల్లో వాళ్లు కనిపిస్తారు. పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

ఈ డ్యాము వల్ల 20 లక్షల ఎకరాలకి పైగా నీళ్లు అందే ఏర్పాటు అయింది. గుంటూరు, ప్రకాశం, నల్లగొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల పొలాలు పచ్చబడ్డాయి. అది గొప్ప మేలు. లోయలో ఊళ్లు మునిగిపోయాయి. ఇదీ నిజమే. అక్కడివాళ్లు ఇళ్లు, పొలాలు, పెద్దల సమాధులు వదిలి వేరే చోట్లకి పోయారు. పాత కట్టడాల్లో ముఖ్యమైనవాటిని మాత్రం రాయి రాయికీ గుర్తు పెట్టి, విప్పి, ఎత్తైన చోటికి మోసి మళ్లీ కట్టారు. మళ్లీ కట్టిన చోట్లు రెండు. ఒకటి నాగార్జునకొండ. రెండోది అనుపు. మునిగిన ఊరిలో మనకి మిగిలినవి ఇవి.

నాగార్జునకొండ అప్పట్లో లోయలో నిలబడిన పెద్ద కొండ. నీళ్లు నిండాక దాని పైభాగం మాత్రం తేలింది. ఇప్పుడు అది లంక. ఆచార్య నాగార్జునుడు అనే బౌద్ధ గురువు పేరు మీద ఆ కొండకి ఆ పేరు వచ్చిందని చెబుతారు.

అనుపులో పిల్లల తల్లి

అనుపు కృష్ణకి కుడి గట్టున ఉంది. విజయపురి సౌత్ నుంచి వెళ్లాలి. అక్కడ దిగి నడవడం సులువు. నేల చదునుగా ఉంటుంది. నీడ మాత్రం తక్కువ. పొద్దున్నే వెళ్లండి. నీళ్ల సీసా తీసుకెళ్లండి.

ముందు విహారాల పునాదులు కనిపిస్తాయి. ఇటుక గోడలు మోకాలి ఎత్తున ఉంటాయి. చిన్న చిన్న గదులు వరసగా ఉంటాయి. ఒక్కో గదిలో భిక్షువు ఉండి చదువుకునేవాడు. ఈ చోటుని విశ్వవిద్యాలయం అని కూడా పిలుస్తారు. దూర దేశాల నుంచి కూడా ఇక్కడికి వచ్చేవాళ్లు.

దగ్గరలోనే ఆటస్థలం ఉంది. నడుమ పల్లంగా చదును నేల. నాలుగు వైపులా మెట్లు. జనం మెట్ల మీద కూర్చుని కింద జరిగే ఆట చూసేవాళ్లు. ఒకళ్లు కింద నిలబడి మామూలుగా మాట్లాడి చూడండి. పై మెట్టు మీద ఉన్నవాళ్లకి ఎంత వినిపిస్తుందో అడగండి. మైకులు లేని రోజుల్లో కట్టినవాళ్లకి ఆ లెక్క తెలుసు.

హారీతి గుడి కూడా ఇక్కడే ఉంది. హారీతి కథ ఆడవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. ఆమె ఒక యక్షిణి. ఆమెకి వందల మంది పిల్లలు. కాని ఊళ్లో వేరేవాళ్ల పిల్లల్ని ఎత్తుకుపోయి తినేసేది. తల్లులు ఏడుస్తూ బుద్ధుడి దగ్గరికి వెళ్లారు. బుద్ధుడు ఆమెని కొట్టలేదు, శపించలేదు. ఆమె చిన్న బిడ్డని దాచేశాడు. హారీతి పిచ్చిదానిలా వెతికింది. చివరికి బుద్ధుడి కాళ్ల మీద పడింది. "అంతమంది పిల్లల్లో ఒక్కరు కనిపించకపోతేనే నీకు ఇంత కష్టంగా ఉంది. ఒకరిద్దరు బిడ్డలున్న తల్లుల గతి ఏమిటి?" అని బుద్ధుడు అడిగాడట. అప్పటి నుంచి ఆమె పిల్లల్ని కాపాడే తల్లి అయింది. రోగాలు ఊళ్లని ఊడ్చేసే కాలంలో తల్లులు ఆ గుడికి ఏం కోరి వచ్చేవాళ్లో మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కొండ మీద పేర్లు

మరునాడు నాగార్జునకొండ. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాలి. తెలంగాణ గట్టు నుంచి కూడా లాంచీలు పోతాయి. నీటిమట్టాన్ని బట్టీ, గాలిని బట్టీ ఒక్కోరోజు లాంచీలు ఆపేస్తారు. ముందు కనుక్కుని బయలుదేరాలి. శుక్రవారం మ్యూజియం మూసి ఉంటుంది, ఆ రోజు పోవద్దు. లాంచీలో ఇచ్చే రక్షణ కోటు సిగ్గుపడకుండా వేసుకోవాలి. చీర మీద బాగుండదని చేతిలో పట్టుకుంటే అది పనికి రాదు.

లాంచీ దిగి కొండ మీదకి నడవాలి. పైన పాత కోట గోడలు ఉన్నాయి. అవి ఇక్ష్వాకుల తర్వాత చాలా కాలానికి కట్టినవి. మళ్లీ కట్టిన స్తూపాలు ఉన్నాయి. కొన్ని స్తూపాల పునాది బండిచక్రంలా ఉంటుంది. నడుమ కుండ, చుట్టూ ఆకులు. ఆ గదుల్లో మన్ను నింపి పైన గుండ్రంగా కట్టేవాళ్లు. అలా కడితే ఇటుక తక్కువ పడుతుంది, కట్టడం గట్టిగా ఉంటుంది. రాతి మెట్ల స్నానఘట్టం కూడా ఉంది.

మ్యూజియంలో బుద్ధుడి కథలు చెక్కిన రాళ్లు ఉన్నాయి. తెలుపులో కొంచెం ఆకుపచ్చ కలిసిన రాయి. అది పల్నాటి సున్నపురాయి. అమరావతి శిల్పాలు కూడా ఇలాంటి రాతితోనే చేశారు. చీరకట్టు, నగలు, జడలు చూడండి. కడియాలు మోచేతి దాకా ఉంటాయి.

ఇక పేర్ల సంగతి. ఇక్ష్వాకుల్లో మొదటి రాజు శాంతమూలుడు. అశ్వమేధ యాగం చేశాడు. యజ్ఞాలు, బ్రాహ్మణులకి దానాలు, ఇవి ఆయన దారి. ఆయన ఇంట్లో ఆడవాళ్లు మాత్రం బుద్ధుణ్ణి కొలిచారు. ఒకే ఇంట్లో రెండు దారులు. గొడవలు వచ్చినట్టు శాసనాల్లో ఎక్కడా లేదు.

శాంతమూలుడి చెల్లెలు శాంతిశ్రీ. శాసనంలో ఆమె పేరు చాంతిసిరి అని ఉంటుంది. శాంతమూలుడి కొడుకు వీరపురుషదత్తుడికి ఆమె మేనత్త. అతను రాజైన 6వ ఏట ఆమె మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టించింది. మహాచైత్యం అంటే అక్కడి స్తూపాలన్నిట్లో పెద్దది. అడ్డంగా కొలిస్తే 106 అడుగులు. నాలుగు దిక్కులా అయిదేసి స్తంభాలు ఉండేవి. బుద్ధుడు పుట్టడం, ఇల్లు విడవడం, జ్ఞానం పొందడం, మొదటిసారి బోధించడం, చనిపోవడం, ఈ అయిదింటికీ అవి గుర్తు. ఆ స్తంభాల మీద చాంతిసిరి పేరు ఉంది. ఆమె ఎవరి చెల్లెలో, ఎవరి భార్యో అదీ ఉంది.

ఈ రాజుల ఇంట్లో మేనరికాలు చేసుకున్నారు. వీరపురుషదత్తుడు హమ్మసిరి అనే ఇంకో మేనత్త కూతుళ్లని ఇద్దరిని చేసుకున్నాడు. వాళ్ల పేర్లు బాపిసిరి, ఛఠిసిరి. ఉజ్జయిని రాజు కూతురు రుద్రధరభట్టారిక కూడా దానం ఇచ్చింది. కొడబలిసిరి అనే ఆమె వీరపురుషదత్తుడి కూతురు, వనవాస రాజ్యానికి కోడలు. ఆమె ఒక విహారం కట్టించింది. రాజుల పేర్లు కూడా చూడండి. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. వాసిష్ఠి కొడుకు, మాఠరి కొడుకు అని అర్థం. తల్లి గోత్రంతో కొడుకుని పిలిచారు.

వీళ్లంతా రాణులు. రాణుల పేర్లు రాళ్ల మీద ఉండటంలో వింత లేదు అనుకోవచ్చు. అందుకే బోధిసిరి సంగతి చెప్పుకోవాలి. బోధిసిరి రాణి కాదు. గోవగామ అనే ఊరి మనిషి. ఆమె భర్త పేరు బుధింనకుడు. వీరపురుషదత్తుడు రాజైన 14వ ఏట ఆమె ఒక చైత్యగృహం కట్టించింది. సింహళం నుంచి వచ్చే భిక్షువుల కోసం కట్టించింది. సింహళం అంటే ఇప్పటి శ్రీలంక.

ఆమె శాసనం పొడుగ్గా ఉంటుంది. తన వాళ్ల పేర్లన్నీ చెబుతుంది. ఆ పుణ్యం వాళ్లకి కూడా రావాలని ఆమె కోరిక. తర్వాత తను ఎక్కడెక్కడ ఏమేం కట్టించిందో పట్టీ రాసినట్టు రాయించింది. ఒక చోట చెరువు, ఒక చోట గదులు, ఒక చోట రాతి మండపం. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి. ఘంటసాలలో మహాచైత్యం తూర్పు వాకిట మండపం. ఘంటసాల ఇప్పటి కృష్ణా జిల్లాలో ఉంది, చాలా దూరం. ఇంటి పట్టున ఉండే మనిషి అంత దూరంలో ఎలా కట్టించింది, డబ్బు ఎక్కడిది, ఆ సంగతులు శాసనంలో లేవు. చేసిన పని మాత్రం మర్చిపోకుండా రాయించింది. పని చూసిన భిక్షువుల పేర్లు కూడా రాయించింది. రాతి పని చేసినవాడి పేరు విధికుడు. అతని పేరూ ఉంది.

ఇంకో రాణి సంగతి కూడా వినాలి. ఆమె పేరు ఖండువుల. ఎహువల శాంతమూలుడి భార్య. అమ్మతల్లి బొమ్మ ఒకటి చేయించి కింద తన పేరు రాయించింది. పేరు పక్కన రెండు మాటలు ఉన్నాయి. అవిధవ, జీవపుత్ర. భర్త ఉన్నాడు, పిల్లలు బతికి ఉన్నారు అని. అంత పెద్ద రాణికి కూడా చెప్పుకోవడానికి అదే గొప్పగా తోచింది. లేదా బిడ్డలు పోతారనే భయం అంత ఉండేదేమో.

ఆ అక్షరాలు

శాసనం ముందు నిలబడితే మొదట నిరాశగా ఉంటుంది. ఒక్క అక్షరం కూడా తెలియదు. చదువుకున్నవాళ్లకి కూడా తెలియదు, దిగులు వద్దు. అది బ్రాహ్మి లిపి. భాష ప్రాకృతం. మన తెలుగు లిపి ఆ బ్రాహ్మి లోంచే మెల్లమెల్లగా మారుతూ వచ్చింది.

రెండు మూడు గుర్తులు తెలిస్తే వెతుక్కోవచ్చు. పాత బ్రాహ్మిలో "క" అక్షరం కూడిక గుర్తులా ఉంటుంది. మీరు లెక్కల్లో నేర్చుకున్న గుర్తే. ఇక్ష్వాకుల కాలానికి దాని నిలువు గీత కిందికి సాగి వంపు తిరిగింది. "గ" అక్షరం పూరి కప్పులా ఉంటుంది, రెండు వైపులా వాలుగా. "ఠ" అక్షరం గుండ్రటి సున్న. మన "ఠ" ఇప్పటికీ గుండ్రంగానే ఉంది. ఈ మూడూ వేలు పెట్టకుండా కళ్లతో వెతకండి. రాయిని ముట్టుకోకూడదు. చెమట తగిలితే పాడవుతుంది. రాళ్ల పక్కన చీటీలు ఉంటాయి, అవి చదవండి. చాంతిసిరి, బోధిసిరి పేర్లు ఏ రాతి మీద ఉన్నాయో అక్కడి ఉద్యోగిని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

వెళ్లేముందు

పదిమంది కలిసి వెళ్తే ఖర్చు తగ్గుతుంది, భయమూ ఉండదు. తెలంగాణలో 2023 డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులో ఆడవాళ్లకి ఆర్టీసీ ప్రయాణం ఉచితం చేశారు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లోనే ఇది చెల్లుతుంది, అదీ సొంత రాష్ట్రంలో. ఆధార్ కార్డు దగ్గర పెట్టుకోవాలి. సాగర్ డ్యాముకి ఒక గట్టు ఆంధ్ర, ఒక గట్టు తెలంగాణ. ఎక్కేముందు బస్సు ఏ రాష్ట్రానిదో చూసుకోండి.

చెప్పులు జారనివి వేసుకోవాలి. హవాయి చెప్పులు తడి మెట్ల మీద పనికి రావు. పులిహోరో, పెరుగన్నమో కట్టుకుంటే మంచిది. తిన్న విస్తళ్లు, కవర్లు ఏటిలో పడెయ్యకండి. కోతులు ఉంటాయి, తిండి మూట చేతిలో ఊపుకుంటూ నడవొద్దు.

కొండ మీద దిగగానే తిరిగి వెళ్లే లాంచీ ఎన్ని గంటలకో అడిగి కాగితం మీద రాసుకోండి. పొద్దుపోయాక కొండ మీద ఎవరినీ ఉండనివ్వరు.